పాళ్లావిడ పెట్టిన గింజ

మెథనాల్ వ్యాపారి ఆ రోజు షెడ్డులోకి మడత నలగని చొక్కాతో దిగాడు. వెళ్లేటప్పుడు కుడిచేతి వేళ్లకు తడిగుడ్డ చుట్టుకుని వెళ్లాడు. మధ్యలో జరిగిందంతా పెద్దకోడలు సామాన్ల గది గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని కళ్లారా చూసింది. ఎవరైనా దాన్ని ఇంకోలాగ చెబితే ఆవిడ ఇప్పటికీ ఊరుకోదు.

పందెం కార్లకు ఇంధనంగా ఆయన పంపిన మెథనాల్ డ్రమ్ముల్లో నీళ్లు కలిశాయని పాళ్లావిడ అంది. లేదని ఆయన అన్నాడు. పాళ్లావిడ అంటే పెద్దకోడలికి తోడికోడలు. పందెం కార్ల ఇంజన్లకు ఎంత గాలికి ఎంత ఇంధనం పట్టించాలో ఆ పాళ్లు కుదిర్చేది ఆవిడే కాబట్టి పందేల దగ్గర అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పుట్టినప్పుడు పెట్టిన పేరుతో పిలిస్తే ఆవిడే తిరిగి చూడదు.

“అమ్మా, నేను పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకు సరఫరా చేసేవాణ్ని. మీ ఒక్క షెడ్డు కోసం నీళ్లు కలుపుకుంటూ కూర్చుంటానా?” అన్నాడు వ్యాపారి.

“కూర్చోరు. నిలబడే కలిపి ఉంటారు,” అంది పాళ్లావిడ.

లోపలికి వెళ్లి రెండు స్టీలు కంచాలు తెచ్చింది. అవి పెద్దకోడలి కంచాలు. అడగలేదు, చెప్పలేదు, తెచ్చింది. ఒకదాంట్లో సీలు విప్పని పాత డబ్బాలోది కాస్త పోసింది. రెండో దాంట్లో ఆయన డ్రమ్ములోది పోసింది. రెంటికీ అగ్గిపుల్ల అంటించి చేతులు కట్టుకుని నిలబడింది.

మెథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. పొగ లేదు, ఎరుపు లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్లుగా అది అమ్ముకుని బతుకుతున్న మనిషికి ఆ సంగతే తెలియదు. వంగి చూశాడు. “ఇది అంటుకోనే లేదు. ఇదేనా మీ పరీక్ష?” అని చెయ్యి చాచాడు.

“ముట్టుకోవద్దు,” అని పాళ్లావిడ ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పే అలవాటు ఆవిడకు లేదు.

ఆయన పెట్టిన కేకకు ఎదురు మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్న మనిషి చేతిలో దుప్పటి కింద పడింది. వేళ్లు నోట్లో పెట్టుకుని ఆయన గెంతుతుండగా రెండు కంచాలూ కాలడం అయిపోయింది. ఒకటి తుడిచినట్టు ఆరిపోయింది. రెండో దాంట్లో అడుగున చిన్న మడుగు మిగిలింది. పాళ్లావిడ ఆ కంచం తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

“తాగండి. విషమంతా కాలిపోయింది. మిగిలింది మీరు కలిపిందే.”

ఆయన తాగలేదు. డ్రమ్ములు వెనక్కి ఎక్కించుకుని పోయాడు. పాళ్లావిడ కంచాలు రెండూ తీసుకుని, “కడిగి ఇస్తానక్కా,” అంది.

“నువ్వు కడిగితే అందులో నేను తినను,” అంది పెద్దకోడలు. తినలేదు కూడా. ఆ కంచాలు షెడ్డులోనే ఉండిపోయాయి.

ఈ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. పందెం కార్లు కట్టడానికి అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన షెడ్డు అది. అన్న పెద్దకోడలి మొగుడు; పోయి చాలాకాలమైంది. ఆయన వాటా పెద్దకోడలిదయింది. తమ్ముడు, అంటే ఆవిడ మరిది, కారు చట్రాలు అతికే మనిషి. అతను అతికిన చోట వేలు పెట్టి రాస్తే అతుకు ఎక్కడుందో తెలియదు. అంత పనిమంతుడే, కాదనడానికి లేదు. కానీ తనకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవలసి వస్తే మాత్రం ఆ మనిషికి ఒంట్లో బాగుండదు.

అతని పెళ్లాం పాళ్లావిడ. డీజిలు పంపులు బాగుచేసే మనిషి కూతురు. ఉగ్గు తాగే వయసు నుంచి పంపుల చప్పుడు మధ్య పెరిగింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రోజు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తి, “ఆ ఇంజను ఆకలికి ఏడుస్తోంది, ఎవరూ చూడరేం?” అంది. షెడ్డులో ఉన్న మగవాళ్లు విని నవ్వారు. పెద్దకోడలి మొగుడు మాత్రం నవ్వకుండా ఇంధనం కాస్త పెంచి చూశాడు. ఇంజను ఏడుపు ఆపింది. ఆ మర్నాటి నుంచి ఉల్లిపాయలు తరిగే పని పెద్దకోడలి మీద పడింది. దానికి ఆవిడ ఇప్పటికీ సణుగుతుంది.

పందెం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తిన్నటి రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం పచ్చబడగానే దూకుతాయి. ముక్కు చీదుకునేలోగా అయిపోతుంది. ఆ కాస్త సేపటి కోసం నెలల తరబడి ఇనుమూ మనుషులూ అరిగిపోతారు. ఇంజను నెత్తి మీద బ్లోయర్ అని ఒకటి కూర్చుంటుంది. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తను పీల్చుకుంటుంది. దీనికి బ్లోయర్ గాలిని కుక్కి కుక్కి పెడుతుంది. అంత గాలికి తగ్గ ఇంధనం అందాలి. ఎక్కువైతే ఇంజనుకు పొలమారుతుంది, పందెం పోతుంది, అంతకంటే ఏమీ కాదు. తక్కువైతే మంటకు పిచ్చెత్తుతుంది. పిస్టన్లు కొవ్వొత్తుల్లా కారిపోతాయి. ఆ ఇంజను వెనకాల బెల్టులతో కట్టేసి ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి పెద్దకోడలి కొడుకు.

అందుకని పాళ్లంటే ఆ ఇంట్లో ఆట కాదు.

ఇంధనం పంపు ఎప్పుడూ ఇంజనుకు కావలసినదానికంటే ఎక్కువే తోడుతుంది. ఎక్కువైనది ఇంకో గొట్టంలోంచి వెనక్కి ట్యాంకులోకి పోతుంది. ఆ వెనక్కిపోయే గొట్టంలో ఒక ఇత్తడి గింజ ఉంటుంది, మధ్యలో కన్నంతో. గింజ మారిస్తే పాళ్లు మారతాయి. కన్నం పెద్దదైతే వెనక్కి పోయేది ఎక్కువ, ఇంజనుకు మిగిలేది తక్కువ. కన్నం చిన్నదైతే ఇంజనుకు నిండుగా దొరుకుతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దీన్ని తలకిందులుగా పట్టుకుంటాడు. పెద్ద కన్నమంటే పెద్ద ముద్ద అనుకుంటాడు. “అది నోరు కాదు నాయనా, దొడ్డిదారి,” అని పాళ్లావిడ ఎంతమందికో చెప్పింది. పీట మీద కూర్చుని విని విని పెద్దకోడలికి కంఠతా వచ్చేసింది. వినాలని వినలేదు. చెవులు మూసుకుని కూర్చోలేక విన్నది.

మరిది మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇనుము తనది, ఇంధనం పెళ్లానిది అని వదిలేశాడు. ఇన్నేళ్లూ పక్కనే నిలబడి గింజలు మారుతుంటే చూశాడు కానీ, ఏ గింజ ఎందుకు అని నోరు తెరిచి అడిగితే తన మీసం ఎక్కడ రాలిపోతుందోనని ఊరుకున్నాడు.

పాళ్లావిడ పని చేసే తీరు వేరు. కారు పరిగెత్తి వచ్చాక ప్లగ్గులు విప్పి, వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దంతో ఒక్కొక్కదాన్నీ చూస్తుంది. లోపలి పింగాణీ రంగును బట్టి ఏ సిలిండరు తిన్నదో, ఏది తెల్లబడి పస్తున్నదో చెబుతుంది. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే కరుస్తుంది. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, చిక్కటి గాలికి ఇంధనం పెంచాలి కాబట్టి మాటిమాటికీ బయటికి వచ్చి ఆకాశాన్ని తిట్టిపోతుంది. గింజ బిగించాక నట్టు మీంచి గొట్టం మీదికి గోళ్ల రంగుతో ఎర్రగా ఒక గీత గీస్తుంది. ఎవరైనా విప్పి మళ్లీ బిగిస్తే ఆ గీత రెండు ముక్కలుగా పక్కకు జరుగుతుంది.

“గోళ్లకు మసి, గొట్టాలకు రంగూనా?” అని పెద్దకోడలు వెక్కిరించేది.

“గోళ్లను ఎవరూ దొంగచాటుగా విప్పరు కదక్కా,” అనేది పాళ్లావిడ.

ఆ విప్పేవాడు సొంత మొగుడే అవుతాడని ఆవిడ అనుకోలేదు.

అది పందెం రోజు. పొద్దుటి నుంచీ ఎండ మండిపోయింది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మబ్బు కమ్మింది, చలిగాలి లేచింది. పాళ్లావిడ అప్పటికే బయటికి వచ్చి ఆకాశాన్ని ఒక మాట అని, లోపలికి వెళ్లి చిన్న కన్నం గింజ బిగించి, ఎర్రగీత గీసేసింది. ఇంతలో పందెం ఆఫీసువాళ్లు ఇంధనం నమూనా తెమ్మని పిలిస్తే సీసా పట్టుకుని వెళ్లింది. మరిది అప్పుడే టైర్ల దగ్గర నుంచి వచ్చాడు. మబ్బు చూశాడు. చల్లబడిందని పెళ్లాం చూసుకుందో లేదో అనుకున్నాడు. వెనకే వెళ్లి అడిగితే సరిపోయేది. అడగడమే అతనికి చేతకానిది. గింజల పెట్టె తెరిచి, ఇంజను నిండుగా తినాలని మంచి మనసుతో పెళ్లాం బిగించినది విప్పేసి పెద్ద కన్నం గింజ పెట్టాడు. కారు పందెం మొదలయ్యే చోటికి వెళ్లిపోయింది. పాళ్లావిడ తిరిగి వచ్చేసరికి దీపం పచ్చబడింది.

పెద్దకోడలు కంచె దగ్గర నీళ్ల బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. కారు సగం దూరం పోయేసరికి ఇంజనులోంచి తెల్లగా ఒక మెరుపు లేచింది. బ్లోయర్ మీది రేకు పేలి ఎగిరింది. నూనె చక్రాల కిందికి కారి కారు పక్కకు జారి గోడకు తగిలి ఆగింది. కొడుకు తనంతట తనే బెల్టులు విప్పుకుని బయటికి వచ్చాడు. అమ్మయ్య అనుకుంది. అంతలో వాడు ఎడమచెయ్యి తొడకేసి కొట్టుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. చుట్టూ చేరినవాళ్లు తలకు దెబ్బ తగిలి మతి పోయిందనుకుని నిలబడి చూస్తున్నారు. మంట లేదు, పొగ లేదు. వాళ్ల కళ్లకు ఏముంది? పాళ్లావిడ ఒక్కతే బిందె లాక్కుని పరిగెత్తింది. ఆ వయసులో అలా పరిగెత్తగలదని పెద్దకోడలికి తెలియదు. నీళ్లన్నీ వాడి చేతి మీద కుమ్మరించింది. అప్పుడు వాడు తిరగడం ఆపి కింద కూలబడ్డాడు.

చెయ్యి మిగిలింది. చర్మం పోయింది.

తల్లి కొడుకుతో ఆసుపత్రికి వెళ్లింది. వెనకాల జరిగింది ఆవిడ చూడలేదు, తరవాత అందరి నోటా విన్నది. పాళ్లావిడ వాడి చొక్కా నుంచి చిరిగిన కాలిన గుడ్డ గుప్పిట్లో పట్టుకునే కారు దగ్గరికి వెళ్లింది. ఎర్రగీత రెండు ముక్కలై ఉంది.

“దీన్నెవరు విప్పారు?” అంది.

“నేనే,” అన్నాడు మొగుడు. “ఏం తప్పిందో చూద్దామని ఇప్పుడే విప్పాను. నీ గింజే ఉంది లోపల. చూసుకో.”

చూసింది. తను పెట్టిన చిన్న గింజే. తరవాత ప్లగ్గులు విప్పింది. పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, దాని మీద కరిగిన పిస్టను చుక్కలు చుక్కలుగా అతుక్కుంది. “ఈ గింజతో ఈ ప్లగ్గులు రావు,” అంది. ఒకసారే అంది. కారు మీద తన పేరు రాయించుకునే టైర్ల డీలరు పక్కనే ఉండి, “లెక్క తప్పిందని ఒప్పుకుంటే పోయేదేముందమ్మా, ఇంట్లోవాళ్లమేగా,” అన్నాడు. ఇంట్లోవాడట. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ఎప్పుడూ తాగి ఎరగడు.

మర్నాడు పొద్దున పందేనికి ముందు డ్రైవర్లూ మెకానిక్కులూ అందరూ నిలబడే మీటింగులో మరిది మైకు తీసుకున్నాడు. “మా ఇంట్లో పాళ్ల లెక్క తప్పింది. ఇకమీదట నేనే చూసుకుంటాను,” అన్నాడు. చప్పట్లు కొట్టారట. ఒక మనిషి ఇన్నేళ్ల పనిని పాతిపెట్టి మట్టి కప్పుతుంటే చప్పట్లు కొట్టారు. ఆసుపత్రి వరండాలో ఈ మాట విన్నప్పుడు పెద్దకోడలు చేతిలో ఉన్న టీ గ్లాసు విసిరేసింది. నర్సు వచ్చి తుడిపించింది.

పాళ్లావిడ గింజల పెట్టె షెడ్డులోనే వదిలేసి భూతద్దం ఒక్కటి తీసుకుని వెళ్లిపోయింది. బస్సులు ఆగే చోటు వెనక ఒక గది అద్దెకు తీసుకుని తండ్రి చేసిన పనే, డీజిలు పంపులు, మొదలుపెట్టింది. రాత్రికి ఇంటికి వచ్చేది. మొగుడికి అన్నం బల్ల మీద పెట్టేది. మాట పెట్టేది కాదు. ఆ ఇంట్లో ఎప్పుడూ లేనంతగా గోడ గడియారం వినపడింది.

అన్నిటికంటే కొడుకు మాట పెద్దకోడలికి ఎక్కువ మండింది. “పిన్ని చెయ్యి తప్పిందమ్మా. మనిషన్నాక తప్పదా?” అన్నాడు కట్టుకట్టిన చేత్తో.

“మనిషన్నాక తప్పుతుంది. మీ పిన్ని తప్పదు.”

“అంటే పిన్ని మనిషి కాదా?”

“కాదు. పంపు. నోర్మూసుకుని మందు మింగు.”

కొన్నాళ్లకు కట్టు విప్పారు. కొత్త పిస్టన్లు వేశారు. వచ్చే ఆదివారం మళ్లీ పందెం. ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం మరిది వచ్చి అన్న కొడుకు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, కుర్చీలో చేరగిలబడి అన్నాడు:

“ఈసారి నువ్వేం భయపడకు వదినా. అప్పటి కంటే ఇంకా పెద్ద కన్నం పెడుతున్నా. ఇంజను తడిసి ముద్దవ్వాలి గానీ కాలే పనే లేదు.”

పెద్దకోడలు పప్పు కలుపుతున్న గరిటె ఆపింది. “ఎప్పటి కంటే?”

“అదే. ఆవిడ పెట్టినదాని కంటే.”

“ఆవిడ చిన్నది పెట్టింది కదా. చిన్నదాని కంటే పెద్దది అంటారు. ఇంకా పెద్దది అంటారా?”

“ఏదో ఒక మాట. నీకు అర్థం కాదులే వదినా,” అని లేచి వెళ్లిపోయాడు.

అర్థం కాకపోవడానికి ఏముంది. దొడ్డిదారిని ఇంకా వెడల్పు చేసి, తిండంతా బయటికి పంపేసి, తన కొడుకుని దాని వెనకాల కట్టేసి వదలబోతున్నాడు. అది మొదటి సంగతి. రెండోది గరిటె పక్కన పెట్టేలోగా అర్థమైంది. అంతకుముందు ఒకసారి పెద్దది పెట్టాడన్నమాట. పెద్దకోడలు పొయ్యి ఆపి, చెప్పులు వేసుకుని, మోకాళ్లు తిట్టుకుంటూ బస్సులు ఆగే చోటుకు నడిచింది.

పాళ్లావిడ పంపు విప్పి గుడ్డ మీద పేర్చుకుని కూర్చుని ఉంది. విన్నంతసేపూ చేతులు ఆపలేదు. అంతా విన్నాక ఒక్క ప్రశ్న అడిగింది.

“ఇంకా పెద్దది అన్నారా? ఆ మాటే అన్నారా?”

“నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.”

పాళ్లావిడ లేచింది. చేతులు కూడా కడుక్కోలేదు. దారి పొడుగునా పెద్దకోడలు ఇద్దరి తిట్లూ తనే తిట్టుకుంటూ నడిచింది.

షెడ్డులో మరిది, కొడుకు కారు దగ్గర ఉన్నారు. పాళ్లావిడ వాళ్లను చూడకుండా విడి పంపు ఒకటి తీసి బల్లకు బిగించింది. తిప్పడానికి డ్రిల్లు మిషను తగిలించింది. ఇంజనుకు పోయే గొట్టం కింద ఒక సీసా, వెనక్కిపోయే గొట్టం కింద ఒక సీసా పెట్టింది. తొట్టిలో కిరసనాయిలు పోసింది.

“ఏంటీ తమాషా?” అన్నాడు మొగుడు. “నా షెడ్డులో నన్నడక్కుండా…”

“సగం నాది,” అంది పెద్దకోడలు. “ఆ బల్ల నా సగంలో ఉంది. డ్రిల్లు మా ఆయన కొన్నది. నువ్వు కాస్త పక్కకు జరుగు, నా సగంలో నిలబడ్డావు.”

కొడుకు నవ్వాడు. బాబాయి మొహం చూసి ఆపేశాడు.

పాళ్లావిడ చిన్న గింజ పెట్టి డ్రిల్లు తిప్పింది. ఇంజను వైపు సీసా గబగబా నిండింది. సీసాలు ఖాళీ చేసి పెద్ద గింజ పెట్టి, అంతేసేపు తిప్పింది. ఇంజను వైపు సీసాలో అడుగు కూడా సరిగ్గా తడవలేదు. వెనక్కిపోయే సీసా పొంగి బల్ల మీదికి కారింది.

మొగుడు గోడ వైపు చూస్తున్నాడు.

“ఇటు చూడండి,” అంది పాళ్లావిడ.

“నాకు చూపించక్కర్లేదు. అన్నం కలిపినంత తేలికనుకున్నావా ఇదంతా…”

“అన్నమే ఇది. మీరు పెద్ద గరిటె అనుకుని కంచానికి కన్నం పెడుతున్నారు. చూడండి.”

“చూడు బాబాయ్,” అన్నాడు కొడుకు. వాడి గొంతులో నవ్వు లేదు. “నువ్వు ఆదివారం పెడతానన్నది ఇంతకంటే పెద్దదేగా?”

అప్పుడు చూశాడు. సీసాలు చూశాడు. గింజ చూశాడు. ఇంకోసారి తిప్పమన్నాడు. పాళ్లావిడ తిప్పింది. “అయితే ఆ రోజు నేను…” అన్నాడు, అంతటితో నోరు మూసుకున్నాడు.

“ఆ రోజు నువ్వేం చేశావు?” అన్నాడు కొడుకు.

బల్ల అంచు నుంచి కిరసనాయిలు బొట్లు బొట్లుగా కారుతోంది.

“మబ్బు పట్టిందిరా. మీ పిన్ని చూసుకోలేదేమోనని… నీకోసమే పెద్దది పెట్టాను.”

“పేలిపోయాక?”

“తీసి ఆవిడది పెట్టేశాను. నేను పెంచినా ఆగలేదంటే ఆవిడ పెట్టింది ఇంకెంత తక్కువో అనుకున్నా. ఎలాగూ తప్పు ఆవిడదే. మధ్యలో నేను వేలు పెట్టానని తెలిస్తే ఊరికే గొడవని…”

గొడవని. కొడుకు చెయ్యి కాలింది, పెళ్లాం పేరు కాలింది, ఈయనకు గొడవంటే ఇష్టం లేదట. అప్పుడు పెద్దకోడలు అన్న మాటలు అచ్చులో వేయదగ్గవి కావు. మరిది పుట్టుకతో మొదలుపెట్టింది. అతని మీసం దాకా వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లను, టైర్ల డీలరును, వాడి టైర్లను, ఎవరినీ వదల్లేదు. ఆయాసం వచ్చి ముక్కాలిపీట మీద కూలబడి, ఆ పీట మీద కూర్చునే మరికొన్ని అంది. మరిది తల వంచుకుని అన్నీ తీసుకున్నాడు. తిట్లు తిన్నంతసేపూ అతని మొహం కాస్త తేలికపడుతూ వచ్చింది. తిట్టించుకోవడంతో సరిపోతుందని ఆశ పుట్టినట్టుంది.

పాళ్లావిడ మాత్రం ఒక్క తిట్టూ తిట్టలేదు. గింజలు తుడిచి పెట్టెలో పెట్టింది. బల్ల తుడిచింది.

“పిన్నీ,” అన్నాడు కొడుకు. వాడికి మాట కూడదీసుకోవడం కష్టమైంది. “నీ చెయ్యి తప్పిందని నేను కూడా అన్నాను.”

“తెలుసు. మీ అమ్మ చెప్పింది. నేను పంపునని కూడా చెప్పింది.”

“నువ్వు గింజ పెడితేనే ఆదివారం ఎక్కుతాను. లేకపోతే కారు ఇక్కడే ఉంటుంది.”

మొగుడు అందుకున్నాడు. “పెడుతుంది, ఎందుకు పెట్టదు? అయిందేదో అయింది. ఇంట్లో విషయం ఇంట్లోనే తేలిపోయింది. ఇంక పని చూసుకుందాం.”

పాళ్లావిడ చేతిలో గుడ్డ బల్ల మీద పడేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ కోపాలన్నీ పెద్దకోడలు చూసింది. కళ్లు ఎర్రబడకుండా, గొంతు పెరగకుండా, మనిషి మనిషంతా బిగుసుకుపోయిన ఈ కోపం చూడలేదు.

“ఇంట్లో విషయం మీరు మైకులో చెప్పారు. మైకులో చెప్పినది మైకులోనే తేలాలి. ఆదివారం పొద్దున మీటింగులో, అందరూ ఉన్నప్పుడు. గింజ మార్చింది మీరని, మళ్లీ మార్చి పెట్టింది మీరని, ఏ కన్నం ఏం చేస్తుందో మీకు తెలియదని. మూడూ చెప్పాలి. అది అయ్యాకే నేను పెట్టె ముట్టుకుంటాను.”

“మూడోది కూడానా?” అన్నాడు మొగుడు. మొదటి రెండూ ఎలాగో మింగినట్టున్నాడు. “వాళ్లంతా నా మొహం మీద నవ్వరూ? ఇంకెప్పుడైనా తలెత్తుకోగలనా?”

“నేను ఎత్తుకుని తిరుగుతున్నానా ఇన్నాళ్లూ?”

అతను అన్న కొడుకు వైపు చూశాడు. వాడు తిరిగి చూడలేదు. వదిన వైపు చూశాడు. అది అంతకంటే పొరపాటు.

“నేను చెప్తా,” అంది పెద్దకోడలు, పీట మీంచి లేస్తూ. “ఇతనికెక్కడ నోరు పెగులుతుంది? మైకు నాకివ్వమను. మూడు కాదు, ముప్పై చెప్తా. డ్రైవరు తల్లిని. ఎవడు అడ్డొస్తాడో చూస్తా.”

“వద్దక్కా,” అంది పాళ్లావిడ. దగ్గరికి వచ్చి, మసి అంటిన చేత్తోనే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. “నువ్వు చెప్తే ఆడవాళ్ల గొడవని ఒక నవ్వు నవ్వి వెళ్లిపోతారు. నేను చెప్తే తప్పు కప్పిపుచ్చుకుంటోందంటారు. ఈయనే చెప్పాలి. నువ్వు ఆదివారం మైకు దగ్గర ఈయన పక్కన నిలబడు. మూడూ చెప్పేదాకా అక్కడి నుంచి కదలకు. నసిగినా, నీళ్లు నమిలినా, మధ్యలో అబద్ధం దూర్చినా సరే, నువ్వు మాత్రం ఒక్క మాట అనకు. నోరు మూసుకుని ఈయన మొహంలోకి చూస్తూ ఉండు.”